దూరం కూర్చున్న మూడు రోజులు

నల్లగొండ దవాఖానలో డాక్టరమ్మ అడిగింది మా అమ్మను. జవాబు చెప్పింది నేను.

"పదిహేను రోజులుగా ఆగడం లేదంటున్నారు, సరే. దీనికి ముందు నెలనెలా వచ్చేదా, కొన్నాళ్లు ఆగిపోయిందా?"

అమ్మ తల వంచుకొని కొంగు అంచు వేలికి చుట్టుకుంటోంది. సిగ్గుపడుతోందనుకున్నాను. నాకు అప్పుడు పద్దెనిమిదేళ్లు.

"నెలనెలా వస్తది డాక్టరమ్మా. ఒక్క నెల తప్పలే. ఆ మూడు దినాలు రాట్నం నేనే తిప్పుత."

డాక్టరమ్మ అదే చీటీ మీద రాసింది. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి, విడమరిచి చెప్పే ఓపిక ఉన్న మనిషి. ముట్లుడిగే ముందు కొన్నేళ్లు ఇట్లాగే అస్తవ్యస్తంగా ఉంటుందని, ఒక్కోసారి ఎక్కువ పోతుందని, ఒంట్లో ఆవిర్లు లేవడం, నిద్ర పట్టకపోవడం, ఊరికే కోపం రావడం అన్నీ ఆ వయసులో ఉండేవేనని చెప్పింది. నెత్తురు పట్టడానికి మాత్రలిచ్చింది. మేము లేస్తుంటే ఇంకో మాట చేర్చింది.

"ఏడాదిపాటు పూర్తిగా ఆగి మళ్లీ కనిపిస్తే మాత్రం ఊరుకోకూడదు. లోపల పుండేదైనా ఉందేమో చూడాలి. అలాంటివాళ్లను హైదరాబాదు పంపిస్తాను. మీకు ఆ భయం లేదు."

పానగల్ దారిన ఇంటికి నడుస్తున్నాం. సగం దూరంలో అమ్మ రోడ్డు పక్క కంకర కుప్ప మీద కూలబడి, నా వైపు చూడకుండా అంది.

"బిడ్డా, నేను దూరం కూసున్నది ఉత్తదే."

మాది నేతపని చేసే వాడ. ముట్టయిన ఆడమనిషి మూడు రోజులు నూలు ముట్టదు, రాట్నం ముట్టదు, అరుగు చివర వేరే చాప మీద ఉంటుంది. వచ్చేపోయేవాళ్లందరికీ కనిపిస్తుంది. అందుకే ఎవరి తేదీలు ఏవో వాడంతా తెలుసు. రెండు నెలలు చాప వేయకపోతే మూడో నెలకు మాట పుడుతుంది.

అంతకు ముందటి ఏడు వానాకాలంలో అమ్మకు వరసగా రెండు నెలలు తప్పాయి. అప్పుడు మా వదిన కడుపుతో ఉంది. మగ్గానికెక్కించే నూలు పడుగు సాగదీసే చోట, పదిమంది ముందు, ఎదురింటి పెద్దమ్మ అడిగింది. "ఏందే చెల్లె, కోడలితోటి పోటీ పడ్తున్నవా? ఎవలది ముందుగాల?" అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది.

ఆ నవ్వులకు అమ్మ అంతగా జంకలేదు. అసలు భయం వేరు. దేవరకొండ దిక్కు మా చుట్టం ఒకామె ఉండేది. ముట్లుడిగినాక ఆమెకు మతి తప్పిందని, ఇంటి గుంజకు కట్టేసి ఉంచారు. అమ్మ ఒకసారి పోయి ఆమెకు అన్నం తినిపించి వచ్చింది. ఆగిన నెత్తురు నెత్తికెక్కుతుందని మా అవ్వ, అంటే బాపు తల్లి, గట్టిగా నమ్మేది. అమ్మకు అప్పటికే ఆవిర్లు మొదలయ్యాయి. రాట్నం మీద నూలు కండెలు చుడుతూ చుడుతూ లేచిపోయి, నీళ్ల కడవకు చెంప ఆనించి నిలబడేది. ఒకనాడు దారం తెగిందని కండెల గంప విసిరికొట్టింది. అవ్వ అమ్మనే చూస్తూ కూర్చుంది.

నెత్తురు బయటికే పోతోందని ఇంటికి, వాడకు చూపించాలి. మరుసటి నెల పాత తేదీకి అమ్మ చాప పట్టుకొని అరుగు చివరికి పోయింది. ఆ తర్వాత ఏ నెలా మానలేదు. గుడ్డలు కూడా ఉతికి దండెం మీద ఆరేసేది. వదిన కాన్పుకు పోయి పుట్టింట్లో ఉండడంతో ఆ మూడు రోజులు కండెలు చుట్టే పని నా మీద పడేది. డాక్టరమ్మ ముందు నేను అంత ధీమాగా మాట్లాడింది ఆ చాకిరీ చేశానన్న నమ్మకంతోనే.

చివరిసారి నిజంగా ఎప్పుడైందని అడిగాను.

"చలికాలం పడ్డంక మాత్రం ఏం కాలే, గది గట్టిగ చెప్త. అంతకుముందు ఏది నిజమో ఏది ఉత్తదో నాకే కలిసిపోయింది."

నాకు బతుకమ్మ పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ, గుర్తొచ్చింది. దానికి అప్పటికి పదకొండు నెలలు. ఆ రోజు అమ్మ చాప మీద ఉంది. తంగేడు, గునుగు పూలు నేనే పేర్చాను. ఏ వరసకు ఏ రంగో అమ్మ అరుగు చివరి నుంచి చెప్పింది. ఆ ముట్టు నిజమైతే ఇంకా ఏడాది నిండలేదు, భయం లేదు. ఉత్తదైతే ఏడాది దాటింది.

"ఎవలన్న ఉత్తగనే బతుకమ్మను ఒదులుకుంటరా అమ్మా?"

"తారీఖు గా దినమే పడె. నేను కూసోకుంటే మీ అవ్వ లెక్కబెట్టకుంటదా?"

తిరిగి దవాఖానకు పోదామన్నాను. హైదరాబాదు పొమ్మంటే బాపుకు చెప్పాలి, అవ్వకు చెప్పాలి అంది అమ్మ. "ఏడాది సంది ఉత్తగ దూరం కూసున్ననంటే, గది పిచ్చి గాక ఇంకేందంటరు?"

నేను పట్టుబట్టలేదు. ఎండ ముదురుతోంది. లేచి నడిచాం.

పది రోజులకు నెత్తురు ఆగింది. మాత్రల గుణమని అవ్వ అంది. ఆ ఏటి బతుకమ్మను అమ్మే పేర్చింది. ముట్లుడిగే వయసని డాక్టరమ్మే చెప్పింది గనుక చాప మళ్లీ వేయలేదు, ఎవరూ అడగలేదు. కానీ అమ్మ ఎప్పుడు పొత్తికడుపు మీద చెయ్యి పెట్టుకున్నా నా చేతిలో రాట్నం ఆగిపోయేది. దండెం మీద కొత్త గుడ్డ కనబడితే దగ్గరికి పోయి చూసేదాన్ని.

ఆరేళ్ల తర్వాత కడుపు ఉబ్బి, తిండి సహించక, నెలన్నరలో అమ్మ పోయింది. ఏ జబ్బో ఎవరూ చెప్పలేదు. దవాఖాన చీటీ నా దగ్గర ఉంది. నెలనెలా వస్తుందని నేను చెప్పిన మాటే దానిమీద ఉంది. ఆ సద్దుల బతుకమ్మ నాటి ముట్టు నిజమో ఉత్తదో నాకు ఇప్పటికీ తెలియదు.