మిల్లు లైన్లలో నేను రాసిన మాతృభాష

మొన్న రెండో పంట, దాళ్వా ఊడ్పుల రోజుల్లో అత్తిలి దగ్గర మా తమ్ముడి చేలోకి వెళ్ళి గట్టు మీద కాసేపు నిలబడ్డాను. మా చిన్నప్పుడు ఆ చేలలో ఊడ్పులంటే ఆడవాళ్ళ పని, పక్క వీధుల్లోంచి వచ్చేవాళ్ళు, ఎవరు ఎవరి కోడలో ఎవరి కూతురో మా అమ్మకు తెలిసి ఉండేది. ఇప్పుడు బురదలో వంగి ఉన్నది పదిమంది మగవాళ్ళు, వాళ్ళు మాట్లాడుకుంటున్నది బెంగాలీ. ఊళ్ళో ఊడ్చేవాళ్ళు దొరకడం లేదనీ, నాలుగైదేళ్ళుగా వీళ్ళే వస్తున్నారనీ మా తమ్ముడు చెప్పాడు. వాళ్ళలో ఒకతను నడుం నిలబెట్టుకుంటూ నా వైపు చూస్తే, ఊరికే పలకరింపుగా ఎలా ఉన్నారని అడిగాను. "ఆయ్, బాగున్నామండీ" అన్నాడు. మన భాషలో ముందుగా నేర్చుకోవలసిన మాటలు ఏవో అతనికి బాగానే తెలిసినట్టుంది. నవ్వొచ్చింది గాని, ఆ వెంటనే, ఏలూరులో నలభై ఏళ్ళు బతికి కూడా ఆ 'అండీ' ఒంటబట్టని ఒక పెద్దావిడ గుర్తొచ్చింది. ఆవిడ విషయంలో నేనొక తప్పు చేశాను. అది చెప్పుకుందామనే ఇది రాస్తున్నాను.

నేను మునిసిపల్ స్కూల్లో టీచరుగా చేరిన రెండో ఏడో మూడో ఏడో జనాభా లెక్కలు వచ్చాయి. మా తరం టీచర్లలో ఆ సంచీ భుజాన వేసుకుని తిరగనివాళ్ళు తక్కువ. ఆ పెద్ద పెద్ద కాగితాలూ, ఎర్రటి ఎండా, "మళ్ళీ ఏం రాసుకుంటారమ్మా" అన్న విసుగూ మీకూ జ్ఞాపకముండే ఉంటాయి. నాకు ఇచ్చినవి జూట్ మిల్లు వెనక వైపు, లైన్లనే కార్మికుల ఇళ్ళ వరసలూ, వాటిని ఆనుకున్న మూడు నాలుగు వీధులూ. నేను పుట్టి పెరిగింది పల్లెటూళ్ళో. మా ఊళ్ళో వీధికో కులం ఉండేది గాని, ఏ వీధికి వెళ్ళినా మాట ఒకటే. మనుషులంటే తెలుగువాళ్ళేనని నా లోపల ఎక్కడో ఉండిపోయినట్టుంది. అది తప్పని ఆ ఇరవై రోజుల్లోనే తెలిసింది. తివాచీలు నేసే ఒక ముస్లిం ఇంట్లో, తమ ముత్తాతల ముత్తాతలు పర్షియా నుంచి వచ్చారని ఇంటాయన నాకు మంచినీళ్ళిచ్చి మరీ చెప్పాడు, చెబుతున్నంత సేపూ మగ్గం మీది అమ్మాయికి రంగుల పేర్లు తెలుగులోనే అందిస్తున్నాడు. కొట్టు పెట్టుకున్న మార్వాడీ ఆయన ప్రతి మాటకీ "ఏవండీ" అంటుంటే, ఆయన ముందు నా మాటే మొరటుగా వినిపించింది. కొల్లేటి లంకల్లోంచి వచ్చి రిక్షా తొక్కుకుంటున్న ఒకాయన్ని ఎక్కడ పుట్టారని అడిగితే, నీళ్ళల్లో అన్నాడు. పడవలో పుట్టాడట. ఏ ఊరని రాయాలో తేల్చుకోవడానికి మా ఇద్దరికీ చాలాసేపు పట్టింది.

ఆ కాగితంలో జాతి అని గడి లేదు. మతం ఉండేది, మాతృభాష ఉండేది. మాకు శిక్షణ ఇచ్చినాయన ఈ రెండిటి దగ్గరా ఆగి, వాళ్ళు చెప్పిందే రాయండి, మీకు తోచింది రాయకండి అని రెండుసార్లు చెప్పాడు. మాతృభాష అంటే పసితనంలో తల్లి ఆ మనిషితో మాట్లాడిన భాష అని కూడా చెప్పాడు. నేను నోట్‌బుక్కులో శ్రద్ధగా రాసుకున్నాను కూడా.

మిల్లు లైన్లలో శ్రీకాకుళం వైపు వాళ్ళతో పాటు, అంతకంటే పైనుంచి, బరంపురం అవతల పల్లెల నుంచి వచ్చిన ఒరియా వాళ్ళు కొన్ని ఇళ్ళున్నారు. ఒక మధ్యాహ్నం అలాంటి ఇంటికి వెళ్ళాను. ఇంటాయన అప్పుడే షిఫ్టు దిగి వచ్చాడు, ముప్ఫై అయిదేళ్ళుంటాయి, తల మీద ఇంకా నార పొట్టు ఉంది. తల్లి, తను, భార్య, ముగ్గురు పిల్లలు. అన్నీ గబగబా చెప్పాడు. మాతృభాష అనగానే, "అందరికీ తెలుగేనండీ, రాసేసుకోండి" అన్నాడు. సరిగ్గా అప్పుడే వెనక దొడ్లోంచి ఆయన తల్లి ఏదో కేకేసింది. ఆ కేక తెలుగు కాదు. నేను విన్నాను. విన్నానని ఆయనకీ తెలుసు. ఆవిణ్ణి పిలిపించి అడగాలని నాకు తెలుసు, కాని ఆ పూట ఇంకా పదకొండు ఇళ్ళు మిగిలి ఉన్నాయి, పొద్దున తిన్నది ఎప్పుడో అరిగిపోయింది. ఆరుగురికీ తెలుగు అని రాసి లేచాను.

మూడో నాలుగో రోజున, స్కూల్లో భోజనాల వేళ, ఆ పెద్దావిడ వచ్చింది. మిల్లు దగ్గర నుంచి మా స్కూలు దాకా ఎండలో నడిచొచ్చింది. వరండా మెట్ల మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంది. తర్వాత అడిగింది.

"నా పేరు కాడ ఏ బాస రాసినావు?"

చెప్పాను. ఆవిడ నన్ను కోపంగా చూడలేదు, తెలియని పిల్లకి చెప్పినట్టు చెప్పింది.

"నా అమ్మ నాతోన ఒరియాలో మాటాడింది. నువ్వు నా అమ్మని ఎందుకు మార్చేసినావు?"

మీ అబ్బాయి చెప్పాడని అనబోయి, ఆ మాట ఎంత చిన్నదో తెలిసి ఊరుకున్నాను. ఆవిడ చదువుకోలేదు. ఆ గడిలో ఏం రాశానో కోడలు మాటల సందులో అంటే తెలిసిందట. పెళ్ళై పుట్టిన ఊరు వదిలాక తల్లిని మళ్ళీ చూడలేదనీ, తల్లి పోయిన కబురు కూడా నెల తర్వాత అందిందనీ, ఆవిడ దగ్గర తల్లిదంటూ మిగిలింది ఆ మాటలేననీ, విరిగిన తెలుగులో చెప్పింది. వచ్చిన పని అయిపోయినట్టు లేచి వెళ్ళిపోయింది.

మా హెడ్మాస్టారితో చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. చివర్లో అందరూ ఒకసారి తమ ఇళ్ళన్నీ మళ్ళీ చుట్టి రావాలి కదా, అప్పుడు సరిచేసి సంతకం పెట్టు, కాని పెద్దావిడ గురించి పెద్దావిణ్ణీ, కొడుకు గురించి కొడుకునీ విడివిడిగా అడుగు అన్నారు. అంతే చెప్పి మళ్ళీ తన హాజరుపట్టీలో పడ్డారు.

రెండోసారి వెళ్ళేసరికి ఆ ఇంటాయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, నన్ను లోపలికి రమ్మనలేదు. వేరే భాష రాయిస్తే రేషన్ కార్డు తీసేస్తారని లైన్లలో ఎవరో పుకారు పుట్టించారు. అది అబద్ధమని నేను ఎంత చెప్పినా ఆయన ముఖం మారలేదు. చివరికి గొంతు తగ్గించి అసలు మాట చెప్పాడు.

"నేను ఇక్కడే పుట్టానండీ. బళ్ళో ఉన్నప్పుడూ ఒరియావోడనే అన్నారు, మిల్లులోనూ అదే అంటున్నారండీ. నా పిల్లల్ని కూడా అంటారు. కాగితంలోనైనా మమ్మల్ని ఈ ఊరివాళ్ళుగా ఉండనివ్వండి."

మీరు చెప్పింది మీకు, మీ పిల్లలకు అలాగే ఉంటుంది, మీ అమ్మగారిది మాత్రం ఆవిడే చెప్పాలి అన్నాను. ఆయన గడప వైపు చూస్తూ పక్కకి జరిగాడు.

పెద్దావిడ చాప మీద కూర్చుని చద్దన్నం తింటోంది, దాన్ని వాళ్ళు పఖాళ అంటారని నాకు ఆ రోజే తెలిసింది. చెయ్యి కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంది. ఆవిడ చూస్తుండగా ఆ గడిలో తెలుగు కొట్టేసి ఒరియా అని రాసి సంతకం పెట్టాను. ఎక్కడ రాశానో చూపించమంటే చూపించాను. ఇంకా తడిగా ఉన్న వేలును ఆ అక్షరాలకు తగలనీయకుండా పైపైన పట్టుకుని కాసేపు చూసింది. తర్వాత కొడుకు పేరు ఏదని అడిగింది. చూపించాను. వాడి దగ్గర ఏముందని అడిగింది. అబద్ధం చెప్పి ఆవిణ్ణి సంతోషపెట్టవచ్చు, ఆవిడకి చదువు రాదు. కాని ఒకసారి చేసింది చాలనుకున్నాను. తెలుగు అని చెప్పాను. అన్నం గిన్నె తీసుకుని దొడ్లోకి వెళ్ళింది. నేను బయల్దేరే దాకా మళ్ళీ రాలేదు. గుమ్మంలో ఆయన కూడా నా వైపు చూడలేదు.

ఒకే ఇంట్లో తల్లికొక మాతృభాష, కన్న కొడుక్కొక మాతృభాష. నా పై అధికారి కాగితాలు తిప్పుతూ అక్కడ ఆగి, ఇదేమిటమ్మా అన్నాడు. వాళ్ళు చెప్పిందే రాశానండీ అన్నాను.

ఆ తర్వాత ఆవిడ బజార్లో కనబడితే తల ఊపేది. కొన్నేళ్ళకు పోయిందని విన్నాను. నాకు ఇంకో స్కూలుకు బదిలీ అయింది, తాడేపల్లిగూడెంలో పదేళ్ళున్నాను, ఆ ఇల్లు మనసులో వెనక్కి వెళ్ళిపోయింది. రిటైరై మళ్ళీ ఏలూరు చేరాక, ఒక రోజు బ్యాంకులో పెన్షను వాళ్ళ వరసలో ఒకాయన నన్ను పోల్చుకుని నమస్కారం పెట్టాడు. ఆ పెద్దావిడ కొడుకే, జుట్టంతా నెరిసింది గాని నిలబడే తీరు అదే. పిల్లలు ముగ్గురూ స్థిరపడ్డారనీ, కోడళ్ళిద్దరూ గణపవరం, పెదపాడు వైపు వాళ్ళేననీ, మనవలకి ఒరియా అనే మాట పుస్తకంలో తప్ప తెలియదనీ చెప్పాడు. ఇప్పుడు వాళ్ళనెవరూ ఏమీ అనరట. మంచిదండీ అన్నాను, నిజంగానే అన్నాను. ఆయన వరసలో ఒక అడుగు ముందుకు జరిగి, మళ్ళీ నా వైపు తిరిగాడు.

"అమ్మ పోయినప్పటి నుంచీ ఇంట్లో ఆ మాట వినబడలేదండీ. నాకు వచ్చండీ, మర్చిపోలేదు. కానీ ఎవరితో అనను?"

ఈలోగా కౌంటరు దగ్గర ఆయన్ని పిలిచారు.

ఇప్పుడు ఏలూరులో ఏ వీధికి వెళ్ళినా పిల్లల మాట ఒకటే, టీవీలో వినబడే మాట. మాట విని ఎక్కడివాళ్ళో పోల్చుకునే పని ఎవరికీ లేదు, ఆ మాట పట్టుకుని వేలెత్తి చూపే పనీ తగ్గింది. అది తక్కువ మేలేమీ కాదు. అయినా ఈ ఊళ్ళో ఒకప్పుడు ఎన్ని రకాల అమ్మలు తమ పిల్లల్ని ఎన్ని రకాల మాటలతో పిలిచేవారో, సంచీ భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగి విన్నదాన్ని, నా చెవులకు మాత్రం ఈ వీధులు కొంచెం ఖాళీగానే వినిపిస్తాయి.