పురిటిగది బయట ఇరవై ఆరు నిమిషాలు

1913వ సంవత్సరం ఆగస్టు పదకొండో తేదీ ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు మా చెల్లెలికి నొప్పులు మొదలయ్యాయి. మూలపేట దగ్గర, కొబ్బరితోటలోని మా ఇంటికి ఆమె రెండో కాన్పుకు వచ్చి అప్పటికి నెల. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. మాయ పడిన తరువాత రక్తం ఆగక, తాను కూడా మృత్యువు అంచుదాకా వెళ్లి వచ్చింది. అందుచేతనే నేను ముందుగా బండి కట్టించుకొని టెక్కలి వెళ్లి, అక్కడి వైద్యుని వద్ద, కాన్పు తరువాత రక్తం ఆపే ఎర్గాట్ ద్రావకం నాలుగు మోతాదులు తెచ్చాను. బిడ్డ కడుపులో ఉండగా ఇస్తే ప్రమాదమనీ, మాయ పడిన వెంటనే, రక్తం కోసం ఎదురు చూడకుండా ఒక మోతాదు పట్టాలనీ ఆయన రెండుసార్లు చెప్పారు. తొందరపడి ఎవరైనా ముందే పట్టిస్తారన్న భయంతో సీసాను పెట్టెలో ఉంచి, తాళంచెవి మొలకు కట్టుకున్నాను.

ఊళ్లో గడియారం నా ఒక్కడికే ఉండేది. జాతకానికి జనన సమయం రాయడం కూడా నా పనే. నొప్పుల మధ్య చెల్లెలు తలుపు సందులోంచి చూసి, "అన్నియ్యా, నీ గడియారాన్నడిగి పుట్టదు బిడ్డ" అంది.

పదకొండు గంటల ఇరవై మూడు నిమిషాలకు ఆడపిల్ల నేల మీద పడింది. అరుగు మీది పురోహితుడు ఒక సందేహం లేవదీశారు: శిరస్సు కనిపించిన క్షణం లెక్కా, నేల తాకిన క్షణం లెక్కా? మధ్య నాలుగు నిమిషాలు; సరిగ్గా లగ్నం మారే సంధి. నేను పంచాంగం ముందు కూర్చున్నాను. పదకొండు నలభైకి మంత్రసాని తలుపు దగ్గరకు వచ్చింది.

"మాయ పడింది బావూ. ఆ మందేదో ఇయ్యి."

రక్తం ఎక్కువగా పోతోందా అని అడిగాను. ఇంకా లేదంది. ఆ మాటను ఆసరా చేసుకొని, లెక్క తేలగానే ఇస్తానన్నాను. రెండోసారి పిలిచినప్పుడు చెయ్యెత్తి ఉండమన్నాను. ఆ తరువాత వినిపించింది మా అమ్మ కేక. తాళం తీసి మందు అందించేసరికి పన్నెండు గంటల ఆరు నిమిషాలు.

ఒంటిగంట పదిహేనుకు చెల్లెలు పోయింది. మంత్రసాని చేతులు కడుక్కుంటూ, నా వైపు చూడకుండానే అంది: "గడియారం సూసినావు గాని బావూ, పెట్టె సూడనేదు."

మందు వేళకు పడితే బతికేదా అని తరువాత టెక్కలి వెళ్లి వైద్యుణ్ని అడిగాను. చెప్పలేనన్నారు. అయినా రక్తం పోకముందే పట్టాలన్నానే, అన్నారు.

ఇంటి లెక్కల పుస్తకంలో ఆనాటి పుటలో నా దస్తూరీతో ఉన్న మొత్తం ఇది. పోయినవి: చెల్లెలు, ఒక మోతాదు మందు, ఇరవై ఆరు నిమిషాలు. మిగిలినవి: మేనకోడలు, మూడు మోతాదులు, తప్పులేని జాతకం ఒకటి.