కోసిన వరి మీద వాన

బిందుకు కోపం ఎక్కువని ఊళ్లో పేరు పడింది. చిన్నప్పటి నుంచీ ఉన్న పేరు కాదది. పంటలు ఎందుకు పోతున్నాయో తెలుసుకునే ఉద్యోగంలో చేరాక వచ్చింది.

సుక్మా జిల్లా దక్షిణపు కొసన, తెలంగాణ సరిహద్దును ఆనుకుని వాళ్ల ఊరు. ఇంట్లో తెలుగు, పక్కింటివాళ్లతో దొర్లి, సంతలో గోండి, బడిలో హిందీ మాట్లాడుతూ పెరిగింది. జగదల్‌పూర్ వెళ్లి వ్యవసాయ డిగ్రీ చదివింది. దక్షిణ బస్తర్‌లో వరి ఏటా ఎందుకు దెబ్బ తింటోందో, అందులో మారుతున్న వాతావరణం పాలెంతో తేల్చడానికి ఒక పరిశోధన సంస్థ దంతెవాడలో చిన్న ఆఫీసు తెరిచింది. వాళ్లకు చేలల్లో తిరిగే ఓపిక, నాలుగు భాషలు ఉన్న మనిషి కావాల్సి వచ్చింది. అలా బిందుకు ఉద్యోగం దొరికింది.

ఆఫీసుకు పెద్ద ప్రవీణ్‌కుమార్. విశాఖపట్నం నుంచి వచ్చిన వాతావరణ శాస్త్రవేత్త. మంచివాడే. కాకపోతే ప్రతి ప్రశ్నకూ ఒక్కటే జవాబు ఉండాలంటాడు. బిందు వెళ్లిన ఏ ఊళ్లోనూ ఒక్క జవాబు దొరికేది కాదు.

మొదటి చిక్కు జగర్‌గుండాలో వచ్చింది. "గత ఇరవై ఏళ్లలో ఏ ఏడు పంట పోయింది, ఎందువల్ల పోయింది?" అని అడగాలి. మంగ్లీ అనే నడివయసు ఆడమనిషి ఇప్పపూలు ఏరుతూ తలెత్తకుండానే బదులిచ్చింది.

"కొన్నేళ్లు మేము ఊళ్లోనే లేము. నక్సలైట్లు, పోలీసుల గొడవల్లో ఊరంతా ఖాళీ అయింది. విత్తనమే వెయ్యలేదు. పంట పోయినట్టా, పోనట్టా? నువ్వే చెప్పు."

బిందు ఆ సాయంత్రం దంతెవాడ వెళ్లే జీపులో ఇరుక్కుని కూర్చుని ప్రవీణ్‌కుమార్‌కు ఫోన్ చేసింది.

"సార్, ఆ ఏళ్లను కరువులో కలపలేం, వరదలో కలపలేం. ఏం చెయ్యమంటారు?"

"వదిలెయ్యండి బిందుగారూ. మనది వాతావరణం మీద పని కదా."

"వదిలేస్తే ఆ ఏళ్లలో పంటలు బాగున్నాయనుకుంటారు సార్, చదివేవాళ్లు!"

చాలాసేపు వాదించుకున్నాక ఆ ఏళ్లను విడిగా చూపించడానికి ఆయన ఒప్పుకున్నాడు. ఇంత చిన్న సంగతికి ఇంత గొంతు చించుకోవాలా అని బిందుకు చిరాకేసింది.

ఆ ఏడు వానాకాలం ఇంకా విసిగించింది. జూన్ ఆఖరున నాలుగు చినుకులు పడగానే అందరూ నారు పోశారు. తర్వాత వాన ముఖం చాటేసింది. నారుమళ్లు నెర్రెలిచ్చాయి. ముదిరిన నారునే ఆగస్టులో నాటుకున్నారో లేదో, కుండపోతగా కురిసి వాగు పొంగింది. గట్లు తెగాయి, వాగు పక్కన నాట్లు కొట్టుకుపోయాయి. తీరా సీజను చివర లెక్క కడితే వాన సరిపడా పడినట్టే తేలింది.

"సాధారణ వర్షపాతం" అని ప్రవీణ్‌కుమార్ తెర మీద చూపించినప్పుడు బిందు కుర్చీలోంచి లేచింది.

"సార్, వారమంతా పస్తులుంచి, ఆదివారం నాడు ఏడు రోజుల అన్నం ఒక్కసారే నోట్లో కుక్కితే, ఆ మనిషి వారమంతా సరిపడా తిన్నట్టేనా?"

ఆయన నవ్వాడు. నవ్వినా, మర్నాటి నుంచే వాన మొత్తంతో పాటు ఎన్నాళ్ల ఎడంతో పడిందో కూడా లెక్క వెయ్యడం మొదలుపెట్టాడు. అలా మాట వింటాడు కనక బిందు ఆయన్ని పూర్తిగా తిట్టుకోలేకపోయేది.

కోతల ముందు నష్టం కొలవడానికి చేలను చీటీలు తీసి ఎంచారు. వచ్చిన చీటీల్లో ఒకటి బిందు తండ్రి భూషణంది. ఇంకొకటి ఆ గట్టు పక్కనే ఉన్న హిడ్మేది.

"మా నాయన చేను తీసెయ్యండి సార్. నేను కొలిస్తే ఎవరూ నమ్మరు."

"చీటీల్లో వచ్చింది. ఇష్టమొచ్చినట్టు మారిస్తే పద్ధతే చెడిపోతుంది. పక్కన ఇంకో మనిషిని పెట్టుకుని కొలవండి."

నవంబరులో భూషణం చేను బంగారంలా పండింది. ఐదు నెలల వరి అది. ఆలస్యంగా నాటినా తేరుకుంది. అప్పుడే బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టిందని వాతావరణ కబురు వచ్చింది. బిందు ఇంటికి ఫోన్ చేసింది. సిగ్నల్ లేదు. మళ్లీ చేసింది. లేదు. ఇక లాభం లేదని పొద్దున్నే బస్సెక్కి, కొంత దూరం జీపులో, ఆఖరున ఎవరిదో మోటార్‌సైకిల్ మీద ఊరు చేరింది.

చేలో కొడవళ్లు ఆడుతున్నాయి. సగం పైగా వరి కోసి, ఆరడానికి పనలు పరిచేశారు.

"నాయనా! ఆపు! రెండ్రోజుల్లో తుఫాను వాన వస్తోంది. కోసినవి తడిస్తే మొలకలొస్తాయి!"

భూషణం నడుము నిటారు చేసి ఆకాశం చూశాడు. నీలంగా ఉంది.

"ఏంది బిడ్డా, మబ్బు తునక లేదు. ఈ కూలోళ్లు ఎల్లుండి పత్తి ఏరనీకె తెలంగాణ దిక్కు పోతున్నరు. మళ్ల దొరకరు. నీ తుఫాను వచ్చిన నాడు కోయనా?"

"కోసిందైనా మోపులు కట్టి కుప్ప వెయ్యి. టార్పాలిన్ కప్పుదాం."

"పచ్చి మోపు కుప్పేస్తే లోపల ఉడికి ముక్కిపోతది. వ్యవసాయం చదివినవ్ గదా, అది చెప్పలేదా మీ కాలేజీల?"

చెప్పారు. అందుకే ఆమెకు ఇంకా మంట పుట్టింది. తల్లి పార్వతమ్మ, బిందు ఇద్దరే కాస్త ఆరిన పనలు మోసి కల్లంలో చేర్చడం మొదలుపెట్టారు. వంచిన నడుము ఎత్తలేదు. మర్నాడు మధ్యాహ్నం గాలి తిరిగింది. చీకటి పడకముందే వాన దిగింది. దిగినది ఆగలేదు.

తెరిపిచ్చాక చేలోకి వెళ్తే పనలు నీళ్లలో తేలుతున్నాయి. కంకుల మీదే తెల్లటి మొలకలు. కూలీలు అందక కోయకుండా వదిలిన మడిచెక్క ఒకటి మాత్రం గాలికి పడిపోయి ఉంది. దానికి మొలకలు తక్కువ.

"చూశావా? కోయొద్దంటే విన్నావా?" బిందు అరిచింది.

"పడిపోయిన దాన్ని నువ్వు కోస్తవా, నీ ప్రవీణ్ సారు కోస్తడా?" భూషణం గట్టు మీద కూలబడ్డాడు. "రాయి. తుఫానుల పోయిందని రాయి. అంతే."

పార్వతమ్మ మొలకల పనలు ఒక్కొక్కటీ గట్టు మీదికి ఎత్తుతోంది. బిందు వెళ్లి రెండో చివర పట్టుకుంది.

పక్క చేను హిడ్మే మూడు నెలల వరి వేసి, అప్పటికే ఇంటికి చేర్చుకుంది. చూసేవాళ్లకు హిడ్మే తెలివైంది, భూషణం మొండివాడు అనిపిస్తుంది. ఊరంతా అదే అంది. బిందు కూడా కాసేపు అదే అనుకుంది. కానీ హిడ్మే వడ్లు తూర్పారబడితే గింజ కన్నా తాలే ఎక్కువగా ఎగిరింది. ముదురు నారు నాటడంతో పైరు సరిగా పిలకలెయ్యలేదు. పొట్టకొచ్చే వేళ మళ్లీ వాన ఎగ్గొట్టింది.

"నా వరి ఎండకు పోయింది, మీ నాయనది తడికి పోయింది," అంది హిడ్మే చేట దులుపుతూ. "ఎవరు గెలిచినట్టు?"

కొలత రోజు ఊరు ఊరంతా భూషణం చేను చుట్టూ మూగింది. తాడు కట్టి, చదరంలో నిలిచినది కోసి, పడున్నది ఏరి, దులిపి, తూకం వెయ్యాలి. పక్కన దంతెవాడ నుంచి వచ్చిన ఇంకొక ఉద్యోగి ఉన్నాడు. అయినా ఒక పెద్దమనిషి బిందు చెవి దగ్గరికి వచ్చాడు.

"తాడు గా మూలకు జరుపు బిడ్డా, అక్కడ బాగా పోయింది. ముఆవ్జా వస్తది గదా అందరికీ."

"మామా, నష్టపరిహారం సర్వే ఇది కాదు. అది పట్వారీ పని. నేను కారణాలు వెతుకుతున్న."

"కారణం ఎందుకు? పోయింది కనిపిస్తలేదా?"

పరిహారం తన పని కాదని ఆమె ఆ రోజు ఎంతమందికి చెప్పిందో. తాడు జరపలేదు. కొందరు అలిగారు. పెదనాన్న కొడుకు మాట్లాడటం మానేశాడు. భూషణం మాత్రం జరపమనలేదు. కొలిచినంతసేపూ దూరంగా నిలబడి బీడీ కాల్చుకున్నాడు.

దంతెవాడకు తిరిగొచ్చాక ప్రవీణ్‌కుమార్ అడిగాడు.

"భూషణంగారి చేను దేనివల్ల పోయింది? అకాల వర్షం. అలా రాసేద్దామా?"

"అకాల వర్షమే. కానీ జూలైలో వాన రాక నాటు ఆలస్యమైంది. అందువల్ల కోత వెనక్కి జరిగి వాన వచ్చే వేళకు పడింది. కూలీలు మళ్లీ దొరకరని కోత ఆపలేకపోయాడు. ఐదు నెలల విత్తనం ఎంచుకున్నాడు. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఇంత పోయేది కాదు సార్."

"ఇంత గజిబిజిగా రాస్తే ఎవరు చదువుతారండీ?"

"గజిబిజిగా పోయిన పంటను నున్నగా ఎలా రాయమంటారు!"

ఆయన నివేదికలో ఒక అధ్యాయం ఆమెనే రాయమన్నాడు. వాతావరణం వల్ల ఇంత అని ఒక అంకె కాకుండా, ఇంత నుంచి ఇంత వరకు అని రాసింది. మిగతా కారణాలను పక్కనే పెట్టింది. నివేదిక మీద జరిగిన సమావేశంలో ఒకరిద్దరు పెదవి విరిచారు. ఒక పెద్దాయన మాత్రం అల్పపీడనం కబురు ఊళ్లకు ముందే, వాళ్ల భాషలో అందితే ఏమైనా మిగిలేదా అని అడిగాడు. కొంత మిగిలేదని బిందు చెప్పింది. అప్పటి నుంచి ఆమెకు ఇంకో పని పడింది. వాతావరణ కబురును తెలుగులో, దొర్లిలో, గోండిలో తన గొంతుతో చెప్పి ఊళ్ల ఫోన్లకు పంపడం.

మొదటి కబురు ఏప్రిల్‌లో పంపింది. వడగళ్ల వాన పడవచ్చు, ఇప్పపూలు లోపల పెట్టుకోండి అంది. ఊళ్లో చాలామంది ఎత్తిపెట్టుకున్నారు. వాన పడలేదు. భూషణం సిగ్నల్ కోసం గుట్టెక్కి మరీ ఫోన్ చేశాడు.

"మీ అమ్మ పొద్దంతా ఎండబెట్టిన పూలు లోపలికి మోసింది. ఏడుంది నీ వాన?"

"పడవచ్చు అన్నా నాయనా, పడుతుందనలేదు!"

"గట్లయితే నేను కూడ చెప్తా, పడవచ్చు అని. నాకు జీతమిస్తరా?"

బిందు ఫోన్ పెట్టేసింది. కానీ కబురు పంపడం ఆపలేదు. తర్వాత రెండుసార్లు నిజమైంది. మంగ్లీ జగర్‌గుండా నుంచి ఎవరి ఫోన్‌లోనో, వాన గురించి చెప్పే ఆడగొంతు మళ్లీ ఎప్పుడొస్తుందని అడిగింది.

ఈ ఏడు వానలకు ముందే బిందు తండ్రిని కూర్చోబెట్టింది. సగం చేనుకు నాలుగు నెలల విత్తనం, సగానికి పాతది వెయ్యమని బతిమాలింది. ఎండొచ్చినా తడొచ్చినా ఏదో ఒకటి దక్కుతుందని చెప్పింది. భూషణం శ్రద్ధగా విన్నాడు. సరేనన్నాడు. బిందు ఆశ్చర్యపోయింది.

నారు మొలిచాక చూడటానికి వచ్చింది. ఒకటే నారుమడి ఉంది.

"రెండోది ఏది నాయనా?"

"రెండూ దాంట్లనే ఉన్నయి. కలిపి పోసిన. ఏదో ఒకటి దక్కుతది అన్నవ్ గదా."

"కలిపితే ఎలా? ఒకటి ముందు పండుతుంది, ఒకటి తర్వాత పండుతుంది! కోసేటప్పుడు ఒక్కొక్క మొక్క ఏరుతావా?"

భూషణం ఒక్క క్షణం నారుమడి వంక చూశాడు. ఆయనకు ఆ ఆలోచన రాలేదని ముఖమే చెబుతోంది.

"మరి ముందే చెప్పొద్దా బిడ్డా?"

బిందు చెప్పులు గట్టు మీద వదిలి మడిలోకి దిగింది. ఆకు రంగులో ఏమైనా తేడా తెలుస్తుందేమోనని ఒక్కొక్క మొక్కా వంగి చూడటం మొదలుపెట్టింది. ఏమీ తెలియలేదు. వెనక నుంచి పార్వతమ్మ అన్నం తినడానికి రమ్మని పిలుస్తూనే ఉంది.