ఎడమవైపు బేస్

మా ముత్తాత రామభద్రరాజు గారికి పదకొండు గ్రామాల జమీ ఉండేది. మా తాతగారు తాలూకా బోర్డు అధ్యక్షులు; కలెక్టరు మకాం వేస్తే క్యారియర్లు మా ఇంటి నుంచే వెళ్లేవి. జమీలు రద్దయ్యాక మిగిలింది కోర్టు వాయిదాలకు పోయింది. మా వంశంలో ఇంకొకరి దగ్గర జీతం పుచ్చుకున్న మొదటి మనిషిని నేను.

కోవిడ్ ఆంక్షలు సడలిన ఏడాది నేను కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఒక స్టూడియోలో సీనియర్ మాస్టరింగ్ ఇంజనీర్‌ని. పాట తయారీలో మాది ఆఖరి మెట్టు. మిక్సింగ్ ఇంజనీర్ వాయిద్యాల పాళ్లు కుదిర్చాక, ఆ పాట కారులోనూ ఫోన్‌లోనూ క్లబ్బులోనూ ఒకేలా నిలబడేటట్టు మేము సరిచేస్తాం. మా తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోరు.

ఆ వేసవిలో కిరణ్ పని నాకు అప్పగించారు. పదేళ్లు సాఫ్ట్‌వేర్‌లో ఉండి, గ్రీన్ కార్డ్ వచ్చిన నెలలోనే ఉద్యోగం మానేసి ఎలక్ట్రానిక్ సంగీతంలోకి దిగిన మనిషి. లాస్ ఏంజెలెస్‌లోని ఒక మ్యూజిక్ లేబుల్, అంటే పాటలు విడుదల చేసే కంపెనీ, అతని మొదటి ఆల్బమ్‌కు ఒప్పందం రాసింది. అందులో ప్రధానమైన ట్రాక్‌ను రెండుసార్లు తిప్పి పంపింది. బేస్, అంటే అడుగున మోగే మంద్ర శబ్దం, ఒక పక్కకు ఒరిగిపోతోందనీ, మూడోసారీ అలాగే వస్తే ఒప్పందం రద్దనీ చెప్పింది. మిక్సింగ్ కూడా అతను ఇంట్లో తనే చేసుకునేవాడు.

వస్తూనే "అంకుల్, బేస్ బాగా పెంచేయండి" అన్నాడు. నేను మీకు అంకుల్‌ని కాను, ఇంజనీర్‌ని అన్నాను. వెంట వచ్చిన అతని భార్య స్వప్న నవ్వింది. "బాగా అయింది. అందరినీ అంకుల్ అనేస్తాడండీ. మొన్న ఉబర్ డ్రైవర్‌ని కూడా" అంది.

బేస్ నిండుగా వినిపించాలంటే వాల్యూమ్ పెంచాలని కొత్తవాళ్లు అనుకుంటారు. అది సరైన పద్ధతి కాదు. బేస్‌ను రెండు పొరలుగా చేస్తాం. అడుగు పొర, అంటే ఛాతీకి తగిలే సబ్ బేస్, శుభ్రంగా, రెండు స్పీకర్లలో సమానంగా ఉండాలి. పై పొరకు కొంచెం గరుకుదనం కలుపుతాం. దాన్ని శాచురేషన్ అంటారు. చిన్న ఫోన్‌లో అడుగు పొర వినపడకపోయినా, ఆ గరుకును బట్టి చెవి దాన్ని ఊహించుకుంటుంది. మిగతా వాయిద్యాల్లో కింది శబ్దాలు కోసేస్తాం. డ్రమ్ దెబ్బ పడ్డ క్షణంలో బేస్ కాస్త తగ్గి దారి ఇచ్చేటట్టు అమరుస్తాం. అప్పుడే రెండింటికీ బలం వస్తుంది.

కిరణ్‌కు ఇవన్నీ తెలుసు, బాగానే చేశాడు కూడా. కానీ మీటర్ చూస్తే బేస్ పై పొర ఎడమవైపు చాలా ఎక్కువగా ఉంది. నేను సమం చేసి వినిపించాను.

"ఎడమ పక్క డొల్లగా ఉంది, రాజుగారూ. మీ స్పీకర్ పోయిందేమో చూసుకోండి" అన్నాడు.

నా స్పీకర్ మీద మాట పడితే పరీక్ష చేయకుండా ఊరుకోను. అతను చూస్తుండగానే రెండు స్పీకర్లనూ ఒకదాని చోట ఒకటి మార్చి పెట్టాను. తప్పు స్పీకర్‌దైతే డొల్లతనం కుడివైపుకు రావాలి. ఇంకా ఎడమే అన్నాడు. అయితే గది గోడల దోషం కావచ్చు. దానికి కుర్చీని వెనక్కి తిప్పి కూర్చోబెడతాం. దోషం గదిదైతే, ఇప్పుడది కుడి చెవికి తెలియాలి.

కిరణ్ వెనక గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ట్రాక్ వేశాను.

"ఎడమే" అన్నాడు. తప్పు తన చెవిదేనని తర్వాత తనకే అర్థమైంది. ట్రాక్ పూర్తయ్యేదాకా ఇటు తిరగలేదు.

స్వప్న లేచి నిలబడింది. "ఒప్పందానికి లాస్ ఏంజెలెస్ వెళ్లొచ్చి ఫ్లైట్ దిగినప్పటి నుంచీ చెవిలో నీళ్లున్నట్టుంది అంటూనే ఉన్నాడు. కళ్లు తిరుగుతున్నాయని డ్రైవింగ్ కూడా నేనే చేస్తున్నా. డాక్టర్‌కి చూపించుకో అంటే వింటేగా!"

"ఆల్బమ్ అయ్యాక వెళ్తానన్నాను కదా!" అని కిరణ్ అరిచాడు. నా వైపు తిరిగి, "మీరు ఇంజనీర్‌ అన్నారు కదా, డాక్టర్‌లా మాట్లాడొద్దు" అన్నాడు. అప్పటికి నేను ఏమీ మాట్లాడలేదు. చెవుల డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకునేదాకా ట్రాక్ ముట్టుకోనని మాత్రం చెప్పాను. స్వప్న అక్కడే ఫోన్ తీసి బుక్ చేసింది.

లోపలి చెవి జబ్బు అని తేలింది. ఇందులో ముందుగా దెబ్బ తినేవి కింది శబ్దాలే. పోయిన వినికిడి తిరిగి వస్తుందని ఆశ పెట్టుకోవద్దని, రెండో చెవికీ రావచ్చని డాక్టర్ చెప్పాడట. కిరణ్ ఎడమవైపు బేస్ పెంచుకుంటూ పోయింది అభిరుచి వల్ల కాదు. అతనికి అది నిజంగానే వినపడలేదు.

ట్రాక్ సమం చేసి పూర్తి చేశాను. చివరిసారి వినడానికి అతను వచ్చాడు. విన్నాడు. "నాకు ఎడమ పక్క ఇంకా డొల్లగానే ఉంది. బాగుందో లేదో మీరే చెప్పాలి" అన్నాడు. బాగుందని చెప్పాను. నిజంగానే బాగుంది. లేబుల్ ఆమోదించి, రెండో ఆల్బమ్ అడిగింది. అతను జవాబు ఇవ్వలేదు. మళ్లీ సాఫ్ట్‌వేర్‌లో చేరాడు.

స్పీకర్‌నీ గదినీ పరీక్షించినట్టే, వినే మనిషి చెవినీ పరీక్షించాలి. మా పనిలో అదీ ఒక పరికరమే. దాన్ని మార్చడం కుదరదు కాబట్టి అన్నిటికంటే ముందు దాన్నే చూడాలి. తర్వాత నా కింద పనిచేసిన ఇంజనీర్లందరికీ ఈ క్రమమే నేర్పాను.

చలికాలం రాకముందే కిరణ్ తన రెండు సింథసైజర్లనూ, స్పీకర్లనూ, బేస్ మోగించే సబ్‌వూఫర్‌నూ ఆన్‌లైన్‌లో అమ్మేశాడు.