రెండు రబ్బరు రింగులు

మొన్న మనవరాలి ముచ్చట తీర్చడానికి షికారు పడవ ఎక్కిద్దామని ఫిషింగ్ హార్బర్ దాటి జెట్టీ దాకా వెళితే, చేతులకు తొడుగులు వేసుకున్న మెకానిక్ ఒకాయన పడవ ఇంజనులోంచి పాత ఆయిలు తీస్తున్నాడు. ఆ వెచ్చటి ఆయిలు వాసన తగిలేసరికి నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. పిల్ల చెయ్యి పట్టుకుని లాగుతూనే ఉంది, నాకు మాత్రం మా బావ కనబడ్డాడు.

బావంటే మా అక్క భర్త. వేటకు వెళ్లే ఇంట్లో పుట్టినా ఆయనకు వలకంటే ఇంజనంటేనే ప్రాణం. భీమిలి వైపు జనాన్ని తిప్పే ఒక షికారు పడవకు ఆయనే డ్రైవరూ, మెకానిక్కూను. ఏ పనిలోనూ కుదురుగా నిలవని నన్ను యజమానిని బతిమాలి అదే పడవలో పెట్టించాడు, పెట్టించి పని నేర్పాడు.

పడవలో ఆయిలు మార్చడమంటే లారీ కింద దూరి బోల్టు విప్పినట్టు కాదు. ఇంజనును కాసేపు తిప్పి, ఆయిలు పలచబడ్డాక ఆయిలు మట్టం చూసే డిప్‌స్టిక్కు దిగే గొట్టంలోంచి చేతిపంపుతో పైకి లాగాలి. తరువాత ఫిల్టరు విప్పాలి. దాని రబ్బరు రింగు ఒక్కోసారి ఫిల్టరుతో రాక ఇంజనుకే అతుక్కుపోతుంది, ఆ మూలకు వెలుతురు పడదు కనుక వేలుపెట్టి తడిమి చూసుకోవాలి. బావ ప్రతిసారీ తడిమేవాడు, నన్నూ తడమమనేవాడు. ఆ రోజుల్లోనే నా పెళ్లి కుదిరింది. "నీ కళ్లకి పెళ్లికూతురు తప్ప ఇంకేటీ అవుపడదు, ఏలెట్టి సూడు బామ్మర్దీ," అని ఆటపట్టించేవాడు.

ఆ ఆదివారం జెట్టీ మీద జనం ఎదురుచూస్తున్నారు. నేను కింద ఫిల్టరు మారుస్తున్నాను, బావ పైనుంచి రింగు వచ్చిందా అని కేకేశాడు. చూడలేదు, తడమలేదు, వచ్చిందనేశాను. నా నోటికి అంత తేలికగా వచ్చింది ఆ మాట.

పాత రింగు మీద కొత్త రింగు కూర్చుంటే ఎంతసేపు ఆగుతుంది? సగం దూరం వెళ్లేసరికి ఆయిలంతా కారిపోయి ఇంజను బిగుసుకుపోయింది. వేటనుంచి వస్తున్న బోటొకటి మమ్మల్ని లాక్కొచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు, అదొక్కటే దేవుడి దయ. ఒడ్డున బావ ఫిల్టరు విప్పి, ఒకదాన్నొకటి కరుచుకున్న రెండు రింగులూ చూసి, చొక్కా జేబులో వేసుకున్నాడు. ఎవడు మార్చాడని యజమాని గద్దిస్తే, "నానే మార్సినానండి," అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు. పెళ్లి తప్పిపోతుందని భయం, పిరికితనం, ఏ పేరు పెట్టినా ఒకటే.

బావను ఆరోజే పనిలోంచి తీసేశారు. చెడ్డపేరు మనకంటే ముందు నడుస్తుందంటారు కదా, హార్బర్లో ఇంకెవరూ ఆయన చేతికి ఇంజను ఇవ్వలేదు. ఐస్ ఫ్యాక్టరీలో దిమ్మలు మోశాడు. ఆ చేతులు మంచుకు పగిలిపోవడం చూస్తూ కూడా నేను అదే పడవలో పని చేసుకున్నాను. నా పెళ్లికి వచ్చి అందరికంటే ముందు అక్షింతలు వేసింది ఆయనే, ఆరోజైనా చెప్పలేకపోయాను.

బావ పోయిన పదకొండో రోజున అక్క కాళ్ల దగ్గర కూలబడి అంతా చెప్పేశాను. అక్క ఏడవలేదు, కోప్పడలేదు.

"ఆరోజే నాతో సెప్పీసినాడురా. నువ్వే వొచ్చి ఒప్పుకుంటావని సివరిదాకా సూసినాడు," అంది.

ఇప్పటి పడవలు వేరు, పనిముట్లు వేరు. ఇంజను మూత తీస్తే లోపల దీపాలే వెలుగుతున్నాయి. తప్పు జరిగితే, ఆ పని ఎవరు చేశారో కాగితంలో రాసి ఉంటుందట, ఒకరి తప్పు మరొకరు నెత్తిన వేసుకునే రోజులు పోయాయి. మొన్న ఆ మెకానిక్ కొత్త ఫిల్టరు చేతిలోకి తీసుకోగానే, పాత రింగు వచ్చిందా నాయనా అని అడిగాను. వచ్చిందండీ అన్నాడు నవ్వుతూ. నాకు మనసొప్పలేదు. తొడుగు తీసి ఒక్కసారి వేలుపెట్టి చూడమని, ముసలివాణ్ణి, బతిమాలుకున్నాను.