చేతికంటని పసుపు

వదిన చివరిసారిగా చేసిన పని, తలుపు వెనక గోడ మీద ఆరిన పసుపు మచ్చను నల్ల స్వెట్టర్ మోచేత్తో రుద్ది చూడటం. స్వెట్టర్‌కి పొడి అంటింది.

"ఇదీ ఊడొచ్చేస్తోంది," అని రంగు గిన్నె మీద పళ్ళెం బోర్లించి, కాసేపు నడుం వాలుస్తానని లోపలికి వెళ్ళింది. సాయంత్రం అన్నయ్య పని నుంచి వచ్చి లేపితే లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు.

వదిన లాండ్రీలో ఇస్త్రీ చేసేది. రోజంతా ఆవిరిలో నిలబడి, కాళ్ళు వాచి ఇంటికి వచ్చేది. మెట్లెక్కి గుమ్మంలో నిలబడి, పలకరించబోతే ఆగమని చేత్తో సైగ చేసేది. మాట వచ్చాక, "ఈ మెట్లు రోజుకొకటి పెరుగుతున్నాయే," అనేది. అంతే తప్ప తనకు ఫలానాది కష్టంగా ఉందని ఏనాడూ అనలేదు.

ఆ ఒంటితోనే బకెట్ ముందు కూర్చునేది. రోడ్డు వెడల్పు చేయడానికి గట్టు తవ్విన చోట పసుపు రంగు మట్టి పడి ఉంటే సంచిలో మోసుకొచ్చి, నీళ్ళలో కలిపేది. ఇసుక అడుక్కి దిగగానే పైన ఉన్న మట్టినీళ్ళను ఇంకో బకెట్లోకి వంచేది. మర్నాటికి వాటి అడుగున మీగడలాంటి మట్టి పేరుకునేది. దాన్ని పళ్ళేల్లో ఆరబెట్టి, ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని నూరి, బంక నీళ్ళతో కలిపేది. బంక తగ్గితే రంగు చేతికంటేది. ఎక్కువైతే పెళ్ళలుగా లేచిపోయేది. సరైన కొలత కుదరక తలుపు వెనక గోడంతా మచ్చలమయం అయింది.

ముందుగది గోడలు పెచ్చులూడి చాలాకాలమైంది. రంగు డబ్బా కొని ఏదో ఆదివారం కొట్టించేస్తే పోలేదా అన్నాను ఒకసారి.

"ఆ వాసన మీ అన్నయ్యకి పడదు. ఊపిరాడదు," అంది, నూరడం ఆపకుండా.

"నాకెప్పుడూ చెప్పలేదే."

"మగాళ్ళు చెప్తారా? నువ్వూ అడక్కు, చిన్నబుచ్చుకుంటారు."

నేను అడగలేదు.

కింది వాటాలో దర్జీ ఉండేవాడు. వదిన మట్టి సంచితో కనబడితే చాలు, "ఇంజినీరమ్మా, ఈ జన్మకి ఆ గోడ పూర్తవుతుందా?" అనేవాడు.

"నువ్వు కుట్టి ఇస్తానన్న జాకెట్టు కంటే ముందే అవుతుందిలే."

ఇంక అతను మిషను కేసి తల దించుకునేవాడు.

ఒకనాడు విసుగెత్తి మట్టిని పెనం మీద వేయించింది. పసుపు కాస్తా ఎర్రబడింది. అన్నయ్య తొంగిచూసి, "ఇవాళ కూర ఇదేనా?" అన్నాడు.

"ఉప్పు సరిపోయిందేమో చూసి చెప్పండి."

ఆ ఎరుపు మచ్చా నిలవలేదు. మళ్ళీ పసుపుకే వచ్చింది. లాండ్రీకి సెలవు దొరికిన రోజున కూడా ఆవిడ పడుకోగా నేను చూడలేదు.

ఆవిడ పోయాక, మిగిలిన మట్టిని నేను కలిపి చూశాను. బంక ఎక్కువైనట్టుంది, తెల్లారేసరికి పొరలుగా లేచింది. చీపురుతో ఊడుస్తుంటే అన్నయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇంక వదిలెయ్యమ్మా. డబ్బా రంగే కొట్టిద్దాం. ఆ రెండ్రోజులూ నువ్వెక్కడైనా ఉండిరా."

"నేనెందుకు వెళ్ళడం?"

"ఆ వాసన నీకు పడదుగా. నీకోసమేగా మీ వదిన ఇన్నాళ్ళూ ఆ మట్టి నూరింది. నిన్ను అడుగుతానంటే, వద్దు, బాధపడుతుంది అంది."

నాకు ఏ వాసనా ఇబ్బంది కాదు. అన్నయ్యకీ కాదని ఆ పూటే తెలిసింది. పడనిది వదినకే.