బీబీ ఫాతిమా మూకుడు దగ్గర నాకు చోటు

పోయిన శుక్రవారం, గల్ఫు దేశంలో మేముండే అబ్బాసియా నుంచి రిగ్గైకి బయలుదేరేటప్పుడు, కూతురిని చూసి వస్తానని ఇంట్లో చెప్పాను. నన్ను లాక్కుపోయింది మాత్రం అసూయ. నా మనవరాలు సుమయ్యాకు తొమ్మిదేళ్లు. దానికి నమాజు, సూరాలు, ప్రవక్త ఇంటి సంగతులు అన్నీ నేర్పేది వాళ్ల దాది, అంటే నా వియ్యపురాలు ఖైరున్నిసా. ఆమెది హైదరాబాదు, పదో తరగతి దాకా చదివింది, పాపతో ఒకే ఇంట్లో ఉంటుంది. నేను రాయచోటి నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్నదాన్ని, చదివింది అయిదు. ఫోన్ చేస్తే మూడో మాటకే "దాది పిలుస్తోంది నానీ" అని పాప పెట్టేస్తుంది. ఆ రోజు నాకు అన్నం సహించదు.

ఆ ఇంట్లో ఏడాదికొకసారి బీబీ ఫాతిమా పేరుమీద ఆడవాళ్లు విందు చేసుకుంటారు. కొత్త మట్టి మూకుడులో అన్నం, పెరుగు, చక్కెర కలిపి, ప్రవక్త కూతురైన ఆ తల్లిని తలుచుకుని, అందరూ చుట్టూ కూర్చుని అందులోనే తింటారు. మగవాళ్లు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. రెండో పెళ్లి చేసుకున్న ఆడది ఆ మూకుడు ముట్టకూడదు. మా వైపు పాత ఇళ్లలోనూ ఈ పద్ధతి ఉండేది. నా మొదటి భర్త నాకు ఇరవై ఏళ్లప్పుడు పోయాడు. నా బిడ్డలిద్దరూ రెండో ఆయన పిల్లలే. అందుకని ఎవరింట్లో మూకుడు పెట్టినా నేను వంటింట్లో గిన్నెలు తోముతూ ఉండిపోయేదాన్ని, అలవాటైపోయింది. కానీ ఈసారి సుమయ్యా మొదటిసారి కూర్చుంటోందని కూతురు చెప్పింది. దాది పక్కన కూర్చుని అది తింటుంటే నేను తలుపు చాటున నిలబడి చూడాలా? వారం రోజులు నిద్ర పట్టలేదు. ఎలాగైనా దాని పక్కన కూర్చోవాలనుకున్నాను.

ముందు రోజే పెరుగు తోడు పెట్టాను. తినకపోయినా నా చేతి పెరుగైనా అందులో కలవాలని ఆశ. జుమా నమాజు అయ్యాక, మధ్యాహ్నం రెండింటికి అబ్బాసియా మెయిన్ రోడ్డు మీద బస్సెక్కాను. టికెట్టు ఇక్కడి డబ్బులో మూడు వందల ఫిల్సు. ఫర్వానియా మీదుగా పోయే బస్సు అయితే నలభై నిమిషాల్లో దించుతుంది. దారంతా గిన్నె ఒలుకుతుందేమోనని ఒకసారి, స్టాపు దాటిపోయిందేమోనని ఒకసారి లేచి నిలబడ్డాను. డ్రైవరు మలయాళీ. గిన్నెలో బంగారముందా అన్నట్టు అద్దంలో చూసి నవ్వాడు.

"క్యా అమ్మా, ఉస్ మే సోనా హై క్యా?"

"దహీ హై బేటా. రిగ్గై ఆయా క్యా?"

"అభీ తో బైఠీ హో అమ్మా!"

ఇప్పుడే కదా కూర్చున్నావని అతననేసరికి బస్సంతా నవ్వింది. నేను మళ్లీ కూర్చున్నాను. రిగ్గైలో దిగి, కూతురి బిల్డింగుకు అయిదు నిమిషాల నడక. అన్ని బిల్డింగులూ ఒకే రంగు కాబట్టి మెట్ల దగ్గర నుంచే ఫోన్ చేశాను.

తలుపు తీసింది ఖైరున్నిసానే. నా గిన్నె చూసి ఆమె ముఖం ఇబ్బందిగా మారింది.

"వదినా, ఇది మూకుట్ల కలపద్దు. నీకు ఎరుకే గద. పద్ధతి."

"తినేదానికి రాలేదులే వదినా. కలిపితే ఏమవుతాది?"

"రాత్రికి మనం తిందాం తీ," అని తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టింది. మూకుడులోకి బజారు పెరుగు డబ్బా విప్పింది. ఫ్యాక్టరీలో ఎవరి చెయ్యి తగిలిందో తెలియని పెరుగు పనికొచ్చింది, నాది పనికిరాలేదు. ఆ మంట ఎలాంటిదో ఎలా రాయను?

ఎనిమిది మంది ఆడవాళ్లు నేల మీద పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ చుట్టూ కూర్చున్నారు. నేను వంటింటి గడప దగ్గర పీట వేసుకున్నాను. సుమయ్యా తెల్ల దుపట్టా కప్పుకుని, దాదికి ఆనుకుని, ప్రవక్త బిడ్డల పేర్లు చెప్పింది. ఖాసిం, జైనబ్, రుఖయ్యా, ఉమ్మె కుల్సూం, ఫాతిమా, అబ్దుల్లా. ఈ ఆరుగురూ ఖదీజా బీబీ బిడ్డలు. తర్వాత మారియా బీబీకి పుట్టిన ఇబ్రాహీం. మగబిడ్డలు ముగ్గురూ పసితనంలోనే పోయారని, ప్రవక్త తర్వాత మిగిలింది ఫాతిమా ఒక్కతేనని ఎక్కడా తడబడకుండా చెప్పింది. అందరూ దాదిని మెచ్చుకున్నారు. పాపను కన్నది నా కూతురని ఒక్కరికీ గుర్తు రాలేదు. ఇక నా నోరు ఆగలేదు.

"పాపా, ఖదీజా బీబీకి అదే మొదటి పెళ్లా?"

"కాదు నానీ. అంతకుముందు ఇద్దరు భర్తలు చనిపోయారు. ప్రవక్తకు ఆమె అంటే చాలా ప్రేమ. ఆమె ఉన్నంతకాలం ఇంకో పెళ్లి చేసుకోలేదు."

పక్క ఫ్లాటు మహబూబీది కడప. ఆమె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "అబ్బో! అట్లయితే తల్లి ఖదీజా బీబీని వంటింట్లో కూర్చోబెట్టి కూతురికి విందు పెడతాండామే మనం!"

ఎవరో కిసుక్కుమన్నారు. ఖైరున్నిసా నవ్వలేదు. నా వైపు తిరిగింది.

"అడగాల్నంటే నన్ను అడగొచ్చు గద వదినా. పసిదాన్ని ముంగట పెట్టి కొడ్తవా?"

"నిన్ను అడిగింటే కూర్చోబెడతాంటివా?"

"లేదు. కూర్చోబెట్టకపోదును. మా అత్త చెప్పింది, నేను చేస్తున్న. ముప్పై ఏండ్ల సంది ఖదీజా బీబీ కథ చెప్తున్న, ఈ మాట నాకే తట్టలే." గొంతు తగ్గించి, "ఆ ఫ్రిజ్‌లకెల్లి నీ పెరుగు తీస్కరా," అంది. ఇద్దరు ఆడవాళ్లు ఏదో గొణిగారు. ఆమె పట్టించుకోలేదు. తను పక్కకు జరిగి పాపకు ఇంకోవైపు నాకు చోటిచ్చింది.

రెండో పెళ్లయ్యాక నలభై ఎనిమిదేళ్లకు మళ్లీ ఆ మూకుడులో చెయ్యి పెట్టాను. సుమయ్యా మొదటి ముద్ద దాది నోట్లో పెట్టింది, రెండోది నాకు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు ఆలోచించాను. ఏడుగురు బిడ్డల్లో ఆరుగురు ఆ తండ్రి బతికుండగానే పోయారు. నా ఇద్దరూ బస్సు దూరంలో ఉన్నారు, మనవరాలు నా చేతి పెరుగన్నం తింది. అయినా నాకు దక్కింది రెండో ముద్దేనన్న ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. అంతకన్నా పెద్ద ముల్లు ఇంకొకటి. నన్ను గడప దాటించిన ఆ మాట పాపకు నేర్పింది నేను కాదు, ఖైరున్నిసా. ఆమెను చూసి కుళ్లుకోవడం మానేశానని రాస్తే అబద్ధం రాసినట్టే. కాకపోతే ఆ మంచితనం మీద కూడా ఇప్పుడు కుళ్లుకుంటున్నాను.

ఇలాంటి విందుకు పోయేవాళ్లకు ఒక్క మాట. ఎవరు కూర్చోవచ్చు, ఎవరు ఏం తేవచ్చు అన్నది బస్సెక్కకముందే ఆ ఇంటి పెద్దావిడకే ఫోన్ చేసి అడగండి. పిల్లల నోట చెప్పించకండి.